జ్వరమొచ్చిన ఎద్దును కాడికి కట్టరు

పశువులున్న ఇంట పుట్టినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఎద్దు మేత ముట్టక, నెమరు వేయక, మందకు దూరంగా చెవులు వాల్చి నిలబడితే రైతు దానిని సోమరి అనడు. ఆ పూట కాడికి కట్టడు. పశువైద్యుడికి కబురు పంపుతాడు. అదే రైతు తనకు జ్వరం వస్తే మాత్ర మింగి పొలానికి పోతాడు. ఇల్లాలు ఒళ్లు కాలిపోతున్నా పొయ్యి దగ్గరే నిలబడుతుంది. పరీక్ష ఉన్నదని పిల్లవాడిని బడికి తోలుతారు. ఎద్దుకు దక్కే మర్యాద మనిషికి ఎందుకు దక్కదు? మిమ్మల్ని ఈ ప్రశ్న అడగడానికే ఈ వ్యాసం.

క్రిమి శరీరంలోని శక్తిని హరించడం వల్లనే రోగి నీరసిస్తాడని వైద్యులమైన మేమూ చాలాకాలం అనుకున్నాం. 1988లో అమెరికా పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ ఈ అభిప్రాయాన్ని సవాలు చేశాడు. మగత, ఆకలి మందగించడం, తోటివాటికి ఎడంగా ఉండడం ఓటమి లక్షణాలు కావనీ, జ్వరంతో కలిసి శరీరం చేసే పోరాటంలో భాగాలనీ ఆయన వాదించాడు.

ప్రయోగశాలలో దీనికి సాక్ష్యం దొరికింది. బతికున్న సూక్ష్మజీవులు అక్కరలేదు, బాక్టీరియా గోడ నుంచి తీసిన పదార్థాన్ని కొద్దిగా ఎక్కించినా చాలు. కొత్త చోట మూలమూలా వాసన చూస్తూ తిరిగే ఎలుక ఒకచోట ముడుచుకుంటుంది. తన గూటిలోకి వదిలిన పిల్ల ఎలుకను పలకరించనైనా పలకరించదు. అక్కడ శక్తిని దోచే క్రిమి ఏదీ లేదు. రోగనిరోధక కణాలు విడుదల చేసిన సైటోకైన్లు రక్తం ద్వారానూ, వేగస్ నాడి ద్వారానూ మెదడుకు వార్త చేరవేశాయి. పడుకోమని ఆజ్ఞ ఇచ్చింది మెదడే.

ఆ ఆజ్ఞ వెనుక లెక్క ఉంది. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరగాలంటే శక్తి వ్యయం సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ ఖర్చును తిరుగుళ్లలోనూ, పనిలోనూ, కబుర్లలోనూ పొదుపు చేసుకోవాలి. ఖర్చు వృథా కాదని 1975లో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగ్వానాలనే బల్లిజాతి జీవులలో చూపింది. బాక్టీరియా సోకిన వాటిలో వెచ్చని గదులలో ఉంచినవి ఎక్కువగా బతికాయి, చల్లని గదులలోనివి ఎక్కువగా చనిపోయాయి.

లాభం రోగికి మాత్రమే పరిమితం కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో రక్తం తాగే గబ్బిలాలను పట్టి, కొన్నింటికి ఆ బాక్టీరియా పదార్థమే ఇచ్చి, వీపున చిన్న సెన్సర్లు అతికించి తిరిగి చెట్టు తొర్రలోకి వదిలారు. జబ్బు లక్షణాలున్నవి తక్కువ గబ్బిలాలను కలిశాయి, వాటితో తక్కువ సేపు గడిపాయి. 2020లో వెలువడిన అధ్యయనమిది. అది త్యాగమని నేననను. వాటికి లేచి తిరగాలనిపించలేదు, అంతే. కానీ నిజంగా అంటువ్యాధి అయితే ఆ నీరసమే మందకు కంచె అవుతుంది.

మనం ఆ కంచెను మాత్రతో కూలదోస్తున్నాం. నేనూ కూలదోశాను. చాలా ఏళ్ల కిందట ఒక తల్లి జ్వరంతో ఉన్న కొడుకును తెచ్చి, "పరీక్ష ఉంది, ఒక ఇంజెక్షన్ వేయండి డాక్టరుగారూ" అని బతిమాలింది. కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, బల్ల మీద తల వాల్చి కూర్చున్నాడు వాడు. జ్వరం తగ్గించి పంపాను. రెండు రోజులకు ఒంటిమీద తట్టు పోసింది. మరో రెండు వారాలకు ఆ తరగతి పిల్లలే ముగ్గురు అదే తట్టుతో నా ముందుకు వచ్చారు. తల వాల్చి ఆ పిల్లవాడి శరీరం చెప్పినది నేను వినలేదు. వందశాతం హాజరుకు బహుమతులిచ్చే బడులు నేటికీ వినడం లేదు.

"పడుకుంటే కూలి ఎవరిస్తారు?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. రోజుకూలీకి, ఇంటి పనిమనిషికి ఆ భాగ్యం లేదు. వారికి విశ్రాంతి గురించి ఉపన్యాసాలివ్వడం క్రూరత్వం. మీ ఇంట పనిచేసే ఆమె జ్వరంతో వస్తే, ఆనాటి జీతం కోయకుండా ఇంటికి పంపండి. నా వాదం నిలిచేది అక్కడే.

"మా అమ్మ జ్వరంలోనూ వంట చేసేది" అని గొప్పగా చెప్పుకునేవారికి ఒక మాట. 1997లో ప్రచురితమైన ప్రయోగంలో, జబ్బు లక్షణాలు కలిగించిన తల్లి చిట్టెలుకలు మామూలు వేడిలో గూడు కట్టడం మానేశాయి. 6 డిగ్రీల చలిలో మాత్రం పిల్లల కోసం లేచి కట్టాయి. లేచినంత మాత్రాన వాటికి జబ్బు లేదని కాదు, లేవక తప్పలేదని అర్థం. మీ అమ్మ సంగతీ అంతే. ఆ అవసరాన్ని ఆమెకు తప్పించడం మీ బాధ్యత.

పారాసెటమాల్ వాడవద్దని నేననడం లేదు. బాధ తగ్గడానికి తగు మోతాదులో వేసుకోండి. దానిని పనికి అనుమతి పత్రంగా భావించకండి. ఆకలి లేదంటే బలవంతాన తినిపించకండి, నీళ్లు, మజ్జిగ, గంజి మాత్రం మానకండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం, ఫిట్స్, ఎడతెగని వాంతులు ఉన్నా, మూత్రం తగ్గినా, మనిషి పిలిస్తే పలకకపోయినా అది విశ్రాంతితో పోయేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈసారి మీ ఇంట ఎవరైనా ముసుగుతన్ని పడుకుంటే, లేవమని గద్దించే ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూడండి. రైతు ఎద్దుకు చేసే పాటిది మనం మనవాళ్లకు చేయలేమా?