అబ్బాయి బయానా ఇచ్చిన పాత కారు



గత మాసం వచ్చిన ఉత్తరాలలో ఒకటి, చదివిన రోజు నుండి నా బల్ల మీదనే ఉంది. వ్రాసినది తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉండే తల్లి. పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఆమె కుమారుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. "వచ్చే వేసవికి పెంకులు తీసి స్లాబు వేయిద్దాం, డబ్బు నేను పంపిస్తానమ్మా అన్నవాడు, ఇప్పుడు యాభై ఏళ్ళ నాటి జపాను కారు ఒకటి కొంటానంటున్నాడు. బయానా కూడా ఇచ్చేశాడట. కొత్త కారు కొంటే నలుగురికీ చెప్పుకుంటాం. ఈ డొక్కు ఏమిటి? పైగా దాని అడుగున అక్కడక్కడ చిల్లులున్నాయట, అవి తానే అతికించుకుంటాడట. డాట్సన్ రెండు వందల నలభై జెడ్డు అని ఏదో పేరు చెప్పాడు. మీరు నాలుగు ముక్కలు వ్రాస్తే వాడికి పంపిస్తాను" అని ఆమె కోరిక.

అమ్మా, కారు పేరు మీరు సరిగానే వ్రాశారు. డాట్సన్ 240 జెడ్. మా ఇంట్లో మోటారు పిచ్చి ఉన్నవాడిని నేనే గనుక ఆ బండి సంగతి నాకు కొంత తెలుసు. అది డొక్కు జాతి కాదు. మీ అబ్బాయి చూసిన బండి డొక్కే కావచ్చు, ఆ సంగతికి తరువాత వస్తాను.

జపానులో నిస్సాన్ కంపెనీ ఆ కారును 1969 అక్టోబరులో బయటపెట్టింది. అంతవరకు అమెరికా వారికి జపాను కారంటే చవక బండి, చిన్న బండి. వేగంగా పోయే అందమైన కారు కావాలంటే ఇంగ్లండు వైపో, జర్మనీ వైపో చూసేవారు. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూస్తున్న యుతాకా కతయామా అనే పెద్దమనిషి, జీతగాడు కూడా కొనగలిగిన స్పోర్ట్స్ కారు కావాలని పట్టుబట్టాడు. జపానులో దాని పేరు 'ఫెయిర్‌లేడీ జెడ్'. ఆ ఆడపేరుతో అమెరికాలో అమ్ముడుపోదని ఆయన ఆ అక్షరాలు తీయించి 240 జెడ్ అని బిగింపజేశాడని చెబుతారు. 2,393 సి.సి. ఇంజను, వరుసగా ఆరు సిలిండర్లు, 151 గుర్రాల బలం. ధర 3,526 డాలర్లు. ఆ రోజుల్లో జర్మనీ వారి పోర్షే 911 దానికి దాదాపు రెట్టింపు పలికేది. జనం డీలర్ల దగ్గర వరుసకట్టి నెలల తరబడి వేచి ఉన్నారు. కతయామా 2015లో, 105వ ఏట కన్నుమూశారు. ఈనాటికీ ఆ కారు ఉన్నవారు ఆయనను తమ ఇంటి పెద్దలాగానే తలచుకుంటారు.

ధర సంగతి చెబితే మీరు నమ్మరు. 2020 జనవరిలో, చాలా కొద్దిగా తిరిగిన 1971 నాటి 240 జెడ్ ఒకటి ఇంటర్నెట్ వేలంలో 3,10,000 డాలర్లకు పోయింది. ఈ మాట మీ అబ్బాయి మీకు ఈపాటికి చెప్పే ఉంటాడు. ఇలాంటి కార్లు కొనేవాళ్ళు మొదట చెప్పే మాట అదే. చెప్పనిది ఏమిటంటే, ఆ కారుకు ఎవరూ అతుకులు వేయలేదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంది గనుకనే ఆ ధర.

బాబూ, ఈ పేజీ మీ అమ్మగారు నీకు పంపుతారు గనుక ఇక్కడి నుండి నీతోనే మాట్లాడుతున్నాను.

ఆ బండి ఇంజను గురించి దిగులుపడకు. ఆ ఇంజను మొండిది. నూనె మార్చుకుంటూ పోతే లక్షల మైళ్ళు లాగిన బండ్లున్నాయి. రెండు కార్బురేటర్లను సరిచేయడం వచ్చిన ముసలి మెకానిక్‌లు ఇంకా దొరుకుతారు. 1973లో వచ్చిన కార్బురేటర్లు మాత్రం పేచీ పెట్టేవి, చాలామంది వాటిని తీసేసి పాతరకంవి పెట్టుకున్నారు. ఇంజను పాడైతే డబ్బు పోతుంది, అంతే. తుప్పు అలా కాదు. ఆ కారుకు మన లారీలకున్నట్టు కింద విడిగా ఛాసిస్ లేదు. ఒళ్ళే ఎముక. ఫ్లోరు, దాని కింద పోయే రేకు పట్టీలు, డోరు కింది పట్టీలు, ఇవన్నీ కలిసి బరువు మోస్తాయి. ఆనాటి రేకు పలుచన, తుప్పు పట్టకుండా ఇప్పుడు చేసే రక్షణ అప్పుడు లేదు. నీవున్న ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. యాభై చలికాలాల ఉప్పు తిన్న రేకు ఏమవుతుందో, సముద్రపు ఒడ్డున కట్టిన షెడ్డు రేకును చూసిన నీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకే కారు వయసు అడగకు, ఎక్కడ పెరిగిందో అడుగు. అరిజోనా, కాలిఫోర్నియా వంటి ఎండ ప్రదేశాల్లో ఉన్న బండి చూడటానికి రంగు వెలిసి, సీట్లు పగిలి దరిద్రంగా ఉంటుంది. ఒహాయో బండి మెరుస్తూ ఉంటుంది. వెలిసినదే కొనుక్కో.

మెరుపు సంగతి నాకు అనుభవమే. మా ఇంట్లో యమహా ఆర్‌ఎక్స్ 100 ఉండేది. మన దేశంలో దాని తయారీ 1996లో ఆగిపోయింది, ఇప్పుడు కుర్రవాళ్ళు దాని కోసం ఊళ్ళు తిరుగుతున్నారు. మా బండి ట్యాంకు అడుగు తుప్పు పడితే, ఒక పెయింటరు దగ్గర ఇచ్చాను. వారం తరువాత అద్దంలా తెచ్చి ఇచ్చాడు. మా చిన్నవాడు బండి చుట్టూ తిరిగి మురిసిపోయాడు. మూడు నెలలు తిరగకముందే పెట్రోలు కారింది. గోకి చూస్తే లోపల వేలు పట్టేంత చిల్లు, దాని నిండా లప్పం. నాకు పోయింది కొద్ది వందలే. నీకు పోయేది ఒక ఇంటి స్లాబు.

నీ కారు చూడటానికి పోయేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకుపో. రేకుకు అంటుకుంటుంది, లప్పానికి అంటుకోదు. వెనుక చక్రం ముందు భాగం, డోరు కింద, డిక్కీ తలుపు అంచు, అక్కడ ఆనించి చూడు. బ్యాటరీ తీయించి దాని కింది పళ్ళెం చూడు. ఏళ్ళ తరబడి యాసిడ్ కారి, ఆ పళ్ళెం తిని, దాని కిందనే పోయే పట్టీని కూడా తింటుంది. స్టెప్నీ తీసి ఆ గుంట చూడు. కార్పెట్ ఎత్తితే కింద తారు పూత మందంగా ఉంటుంది. చప్పుడు రాకుండా కంపెనీ వేసినదే, కానీ దాని అడుగున తుప్పు హాయిగా దాక్కుంటుంది. స్క్రూడ్రైవరు పిడితో కొట్టి విను. గట్టి రేకు మోగుతుంది, చచ్చిన రేకు మూలుగుతుంది. అమ్మేవాడు గోకవద్దు, కొట్టవద్దు అంటే నీ బయానా వదులుకుని ఇంటికి రా. జాకీ మీద ఎత్తినప్పుడు డోరు పట్టేసినా, సందు మారినా ఆ బండి నడుము విరిగిందని అర్థం.

కాగితాలు కూడా చూడు. డాష్‌బోర్డు మీది బిళ్ళలో హెచ్‌ఎల్‌ఎస్ 30 తో మొదలయ్యే నెంబరు ఉంటుంది. ఇంజను గదిలో వెనుక గోడ రేకు మీద అదే నెంబరు గుద్ది ఉండాలి, యాజమాన్య పత్రంలోనూ అదే ఉండాలి. తరువాత వచ్చిన 280 జెడ్ ఇంజను తెచ్చి ఇందులో బిగించిన బండ్లు చాలా ఉన్నాయి. నడపడానికి అవి బాగానే ఉంటాయి, కానీ వాటికి అసలు ఇంజనున్న బండి ధర చెప్పడం న్యాయం కాదు.

ఇక "నేనే అతికించుకుంటాను" అన్నావట. అమెరికాలో ఆ కారుకు కొత్త ఫ్లోరు రేకులు, పట్టీలు ఈనాటికీ తయారుచేసి అమ్ముతున్నారు, ఆ అదృష్టం అన్ని పాత కార్లకూ లేదు. అయితే కొలత తప్పకుండా వెల్డింగ్ చేయడానికి చేయి తిరగాలి. తిరగని యెడల గంటల లెక్కన కూలి ఇవ్వాలి, అక్కడ కూలి ఎంతో నీకే తెలుసు. కొన్న ధర కంటె బాగుచేసిన ఖర్చు రెండింతలైనవారు కోకొల్లలు. ఒక సంగతి చెబుతాను. 1996లో అమెరికాలో కొత్త జెడ్ కార్ల అమ్మకం ఆగిపోయినప్పుడు, ఆ పేరు జనం మరువకుండా నిస్సాన్ కంపెనీయే పాత 240 జెడ్‌లను వెదకి కొని, విప్పి, కొత్తవిగా చేసి డీలర్ల ద్వారా అమ్మింది. ఒక్కొక్కటి ఇంచుమించు 25,000 డాలర్లు. రెండు వందల కార్లు చేద్దామనుకున్నారు. యాభై కూడా కాకముందే ఆ పథకం ముగిసింది. తయారుచేసిన కంపెనీకే కుదరని లెక్క, శని ఆదివారాల్లో గ్యారేజీలో పనిచేసే ఒక ఉద్యోగికి ఎలా కుదురుతుందో నీవే ఆలోచించు.

అసలు జపానులో ఈ పాత కార్ల పరిస్థితి వింతగా ఉంటుంది. అక్కడ రెండేళ్ళకొకసారి కఠినమైన తనిఖీ చేయించాలి. పెట్రోలు కారుకు పదమూడేళ్ళు దాటితే పన్ను తగ్గదు, పెరుగుతుంది, సుమారు 15 శాతం. పాతది ఉంచుకున్నందుకు జుల్మానా అన్నమాట. అందుచేత ఎన్నో మంచి కార్లు వేలానికి వచ్చి విదేశాలకు పోయాయి. అమెరికా చట్టం 25 ఏళ్ళు నిండిన కారును తమ భద్రతా నియమాలకు సరిపోకపోయినా రానిస్తుంది. 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జిటి-ఆర్ అలా 2014 నుండి పోవడం మొదలుపెట్టింది. నీ స్నేహితులెవరైనా జపాను వేలంలో కొనిపెడతామంటే, వేలం కాగితం చదవడం నేర్చుకో. బొమ్మ మీద 'ఎస్' అంటే తుప్పు, 'డబ్ల్యు' అంటే కొట్టి సరిచేసిన రేకు, గ్రేడు దగ్గర 'ఆర్' అంటే దెబ్బతిని బాగైన బండి.

జపాను కంపెనీలు ఆలస్యంగానైనా మేలుకొన్నాయి. హిరోషిమాలోని మాజ్డా కంపెనీ 1989లో వచ్చిన తన చిన్న రోడ్‌స్టర్ కార్లను తానే బాగుచేసి ఇస్తానని 2017లో ప్రకటించింది. ఆనాటి టైర్లను, పై గుడ్డను కూడా మళ్ళీ చేయించింది. నాకు నచ్చినది మరొకటి. వారు పని ఒప్పుకొనే ముందు యజమానిని కూర్చోబెట్టి మాట్లాడతారు. టయోటా 2020లో తన 2000 జిటికి గేర్లు మళ్ళీ పోసింది. 1967 నుండి 1970 వరకు చేసిన ఆ కార్లు మొత్తం నాలుగు వందలు కూడా లేవు. అన్ని కొద్ది బండ్ల కోసం అచ్చులు పోయడం వ్యాపారం అనాలో, మమకారం అనాలో తెలియదు.

అమ్మా, మళ్ళీ మీ దగ్గరికి వస్తున్నాను. మీ అబ్బాయి త్రాగుడుకో జూదానికో డబ్బు పెట్టడం లేదు. సాయంకాలాలు గ్యారేజీలో చేతులకు నల్లనూనె పూసుకుని కూర్చుంటాడు. మీ ఊళ్ళో ఉంటే ట్రాక్టరు విప్పుకుని కూర్చునేవాడు. ఆ సరదాను తిట్టకండి. కాని స్లాబు మాట వేరు. పెంకుల సందున కారే వాన చుక్క కింద గిన్నె పెట్టుకుని నిద్రపోయేది మీరు. వాడు మీకిచ్చిన మాట ముందరిది, కారుకిచ్చిన బయానా తరువాతది. ఈ మాట మీరు చెప్పడానికి మొహమాటపడుతున్నారని మీ ఉత్తరంలో నాకు తెలిసింది. అందుకని నేను చెబుతున్నాను. కొంటే తుప్పులేని బండి కొనాలి, దానికి డబ్బు ఎక్కువ కావాలి, అంతవరకు రెండేళ్ళు కూడబెట్టుకోవాలి. ఆ రెండేళ్ళలో స్లాబు ఎండిపోతుంది. వెల్డింగ్ నేర్పే సాయంకాలపు తరగతులు అక్కడ ఎన్నో ఉంటాయి, ఈలోగా చేరమనండి.

ఆ కారు తెనాలి వస్తుందేమోనని భయపడ్డారు. స్టీరింగు ఎడమవైపున్న బండి, మన రోడ్లకు కుదరదు.

ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు మూడే అడగండి. కారు ఇంతకుముందు ఏ రాష్ట్రంలో ఉండేది? బ్యాటరీ కింద చూశావా? బయానా తిరిగి ఇస్తానని కాగితం మీద వ్రాయించుకున్నావా? కార్పెట్ ఎత్తి ఫొటో తీసి పంపమనండి. వస్తే మాకూ ఒకటి పంపించండి, చూసి వ్రాస్తాను.