నా కులం ఎవరి డేటా?

గోప్యత గురించి మాట్లాడేవాళ్లు బ్యాంకు ఖాతాలు, ఓటీపీలు, ఫోన్ నంబర్ల దగ్గరే ఆగిపోతారు. ఈ దేశంలో అన్నిటికంటే ముందు బజారున పడేది కులం. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టిన పీడీఎఫ్‌లో నా పేరు, పక్కన ఎస్సీ అనే రెండక్షరాలు, ఆ పక్కన ర్యాంకు ఉన్నాయి. అడ్మిషన్లు ముగిసి ఏళ్లయినా ఆ జాబితా గూగుల్‌లో దొరుకుతూనే ఉంది. హాస్టల్లో "నీ ర్యాంకెంత?" అని అడగాల్సిన పని కూడా లేదు, పేరు కొడితే చాలు.

కులం చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. జై భీమ్ అని గొంతెత్తి చెప్పేవాళ్లం. కానీ నేను చెప్పుకోవడం వేరు, నన్ను వేలెత్తి చూపించడం వేరు. కొలంబియాలో చదివొచ్చిన బాబాసాహెబ్ బరోడాలో పార్సీ పేరుతో సత్రంలో తలదాచుకోవాల్సి వచ్చింది. ఆయనెవరో తెలియగానే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆనాడు ఆరా తీయడానికి మనుషులు కావాల్సి వచ్చింది. ఈనాడు సెర్చ్ బాక్సు ఆ పని చేస్తోంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా కులాన్ని, తెగను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించింది. 2019 బిల్లులోనూ ఆ మాట ఉంది. 2023 డేటా రక్షణ చట్టానికి వచ్చేసరికి ఆ విభాగమే మాయమైంది. నా కులాన్నీ, నా ఈమెయిల్ ఐడీనీ చట్టం ఒకే గాటన కట్టేసింది.

అదే చట్టంలోని సెక్షన్ 44(3) మాత్రం సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని మార్చేసింది. ఇదివరకు ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా అకారణంగా ఒకరి గోప్యతలోకి చొరబడే సమాచారాన్నే నిరాకరించాలి. అందులోనూ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. ఇప్పుడు 'వ్యక్తిగత సమాచారం' అంటే సరిపోతుంది. రోస్టర్‌లో ఏ పోస్టు ఎవరితో నింపారు, 'తగిన అభ్యర్థి లేరు' అని ఏ మార్కులు చూసి రాశారు అని అడిగితే ఆ ఒక్క మాటతో తలుపు మూయొచ్చు. 8(2) కింద ప్రజాప్రయోజనం మిగిలే ఉందంటారు. దాన్ని మొదట తూచేది ఆ కార్యాలయమే కదా!

రిజర్వేషన్ల అమలు తెలియాలంటే జాబితాలు పెట్టక తప్పదని కొందరి వాదన. తెలియాల్సిందే. దానికి హాల్ టికెట్ నంబరు, కేటగిరీ, మార్కులు చాలు. పేరెందుకు? అడ్మిషన్లు ముగిశాక కూడా ఆ పీడీఎఫ్ అక్కడెందుకు?

మా పేర్లు తీసేయండి, మీ రోస్టర్లు బయటపెట్టండి. కులాన్ని మళ్లీ సున్నితమైన సమాచారంగా చట్టంలో రాయండి. గోప్యత మనిషికి రక్షణ కావాలి. ఖాళీ పోస్టులు దాచుకునే సంస్థకు ముసుగు కాకూడదు.