జింక మనదే, జాగ ఎవరిది?

నాచారంలో ఉండేటోళ్లకు అడవి అంటే ఎక్కడో ఆదిలాబాద్‌లోనో, అమ్రాబాద్‌లోనో ఉండే ముచ్చట. మాకూ అంతే. మల్లాపూర్ ఫ్యాక్టరీల నడుమ నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా పోయి వచ్చుడే తప్ప, పక్కనే 3,605 ఎకరాల అడవి ఉన్నదన్న సోయి లేదు. మొన్నొక ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి నాగోల్ మీదుగా ఎల్బీనగర్ పోయి, అక్కడినుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని వనస్థలిపురంలో దిగినం. అందరూ డీర్ పార్క్ అని పిలిచే మహావీర్ హరిణ వనస్థలి అది.

టికెట్లు తీసుకుని లోపలికి పోయినంక మాలో ఒకడు ముఖం చిన్నబుచ్చుకున్నడు. 'ఇదేం అడవిరా, అన్నీ ముండ్లపొదలే!' అన్నడు.

అసలు పేచీ ఇక్కడే ఉన్నది. సినిమాలు చూసి మనం అడవి అంటే ఆకాశమెత్తు చెట్లనుకుంటున్నం. దక్కన్ అడవి అట్ల ఉండదు. గుండ్లు, బండలు, తక్కువ వానకే బతికే పొదలు, నడుమ గడ్డి బయళ్లు. తొవ్వ పొంటి తంగేడు, సీతాఫలం. మన ఊర్లల్ల దీన్నే కంచ అంటరు. గొడ్లు మేసేది కంచలో, బతుకమ్మకు పువ్వు తెచ్చేది కంచలో. ఇప్పుడు అదే తంగేడును ఉప్పల్ చౌరస్తాలో కట్టకింత అని పైసలు పెట్టి కొంటున్నం.

ఈ జాగ ఒకనాడు నిజాం వేట మైదానం. 1975లో మహావీరుని 2500వ నిర్వాణ సందర్భంగా ఆ పేరు పెట్టిన్రు. 1994లో నేషనల్ పార్క్ అయింది. కాపాడాలనుకున్నది కృష్ణజింకను. గంటకు పైగా నడిచినంక మాకూ కనబడ్డది. గడ్డి అవతల ఐదారు ఆడ జింకలు, వాటి వెనక మెలి తిరిగిన కొమ్ములతో నల్లటి మగది. మమ్మల్ని చూడంగనే ఒక్క దుంకు, ఇంకో దుంకు, మాయం.

ఇది చెట్టు చాటున దాక్కునే జీవి కాదు. కండ్లనూ కాళ్లనూ నమ్ముకుని బతుకుతది. దూరం నుంచి ఆపద చూడాలె, ఉరకడానికి బయలు ఉండాలె. మొక్కలు నాటుడు మంచిదే, కాదనం. కానీ గడ్డి బయలు నిండా మొక్కలు పెట్టి అడవి పెంచినమని లెక్కలు చెప్తే, కృష్ణజింకకు ఇల్లు లేకుండ చేసినట్టే. ఈ మాట అధికారులకు తెల్వదని కాదు. మొక్కల లెక్క చూపెట్టొచ్చు, గడ్డికి ఏ లెక్క చూపెడతరు?

ఇంకో తమాషా. 2014 నవంబరులో మన రాష్ట్ర చిహ్నాలు ప్రకటించినప్పుడు పాలపిట్ట, జమ్మి, తంగేడుతో పాటు చుక్కల జింకను తీసుకున్నరు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. పంపకాల్లో పేరు అటు పోయినా జంతువు మాత్రం వనస్థలిపురంలోనే మేస్తున్నది!

పేర్ల సంగతే అయితే జూబ్లీహిల్స్ పార్కు చూడుర్రి. దాదాపు 390 ఎకరాలు, అంటే దీంట్లో తొమ్మిదో వంతు. పేరు కాసు బ్రహ్మానందరెడ్డిది. 1969లో ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే మన విద్యార్థులు పోలీసు తూటాలకు నేలకొరిగిన్రు. 2014లో రాష్ట్రం వచ్చినా పొద్దున వాకింగ్ పోయేటోళ్లు ఆ బోర్డు కిందినుంచే పోయిన్రు.

పేరు సంగతి అట్లుంచుదాం. జాగ సంగతి అట్ల వదలలేం. ఉమ్మడి రాష్ట్రంలో భూములు అమ్ముతున్నరని మనమే రోడ్డెక్కినం. మన రాష్ట్రంలో 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం ధర నూరు కోట్లు దాటితే సంబురపడ్డోళ్లూ మనవాళ్లే. 2025 మార్చి 30న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినయి. పక్కనున్నది సెంట్రల్ యూనివర్సిటీ. 1973 ఆరు సూత్రాల పథకం ఫలితంగా, 1974లో వచ్చింది. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది గాని, అప్పటికే నెమళ్లు తిరిగిన జాగ చాలా మేర చదునైంది. అది అడవే కాదు, ఉత్త పొదలు అని సర్కారు దిక్కు వాదన. మా దోస్తు గేటు లోపల అన్న మాటకూ దీనికీ ఫరకేమున్నది?

అందుకే మాకు పోయి చూసుడు అవసరమనిపిస్తున్నది. కండ్లతో చూడని జాగ కోసం ఎవడు కొట్లాడుతడు? నాచారం, ఉప్పల్ సర్కారు బడుల పిల్లల్లో పాలపిట్టను బొమ్మలో కాకుండా కొమ్మ మీద చూసినోళ్లు ఎందరు? బడికి ఒక బస్సు పెట్టి, ఏడాదికి ఒక్కసారి తీసుకపోతే సర్కారు ఖజానా ఏమీ ఖాళీ కాదు.

సర్కారు బస్సు వచ్చేదాకా మేం ఆగుతలేం. వచ్చే నెల మొదటి ఆదివారం మా బస్తీ పిల్లలతో మళ్లీ పోతున్నం. పొద్దున ఆరింటికి ఉప్పల్ చౌరస్తా. నీళ్ల సీసా తెచ్చుకోవాలె, ఎర్ర అంగీ వేసుకోవద్దు.