గుట్ట ఎక్కుతానంటే వద్దన్నాను



ఏటా నవంబరు ఆఖర్లో మా ఇబ్రహీంపట్నం గల్లీల్లోకి ఒక కశ్మీరీ చాచా వస్తాడు. భుజం మీద పెద్ద గఠ్రీ. అందులో శాలువాలు, స్వెటర్లు, కశీదా పని చేసిన దుపట్టాలు. మా ఇంటి అరుగు మీద గఠ్రీ దించి, మంచినీళ్ళు తాగి, ముందు ఖైరియత్ అడుగుతాడు. సరుకు సంగతి తర్వాత. మా అమ్మీ ప్రతి ఏడూ బేరం ఆడుతుంది. ప్రతి ఏడూ ఓడిపోతుంది.

మొన్న డిసెంబరులో ఒక పొద్దున నేను మంకీ క్యాప్ పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని అతని ముందుకొచ్చాను. మా దగ్గర కూడా చలి తక్కువేమీ కాదు. కొన్ని పొద్దున్లు పది డిగ్రీల కిందికి పోతుంది. చాచా నన్ను చూసి నవ్వాడు. "భాయ్‌జాన్, దీన్ని మేం బహార్ అంటాం" అన్నాడు. అతను ఒక్క స్వెటర్ మీద ఉన్నాడు.

అతనిది గుల్‌మర్గ్ కింద టంగ్‌మర్గ్ వైపు పల్లె. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లా-ఎ-కలాన్. అంటే పెద్ద చలి. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లా-ఎ-ఖుర్ద్, ఇంకో పది రోజులు చిల్లా-ఎ-బచ్చా. మొత్తం డెబ్భై రోజుల చలి లెక్క. నల్లాలో నీళ్ళు గడ్డ కడతాయి. బడులకు సెలవులు. ఎండాకాలంలోనే సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు కోసి ఎండబెట్టి దాచుకుంటారు, మంచు పడి దారులు మూసుకుపోతే వండుకోవడానికి. ఫేరన్ లోపల కాంగ్డీ పెట్టుకుంటారు. అల్లిన బుట్టలో మట్టి కుండ, కుండలో బొగ్గు నిప్పులు. పొద్దున్నే హరీసా తింటారు. మాంసాన్ని రాత్రంతా ఉడికించి మెదిపే వంటకం, మన హలీంకి దగ్గరి చుట్టం.

ఇదంతా మా చిన్నమ్మాయి నోరు తెరుచుకుని విన్నది. తొమ్మిదో తరగతి. దానికి తెలిసిన మంచు అంతా లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో ఒక్కసారి చూసిందే. అద్దెకిచ్చిన కోటు వేసుకుని, గంట లోపల జారి, ఫొటోలు దిగి బయటికి రావడం. "చాచా, మీరు స్కీయింగ్ చేస్తారా?" అని అడిగింది.

చాచా మళ్ళీ నవ్వాడు. "నేను స్కీలు మోశాను బేటీ. టూరిస్టులవి. మా అన్న కొడుకు మాత్రం నేర్చుకున్నాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళకు నేర్పిస్తాడు."

ఆ ఒక్క జవాబులో పెద్ద సంగతి ఉంది. గుల్‌మర్గ్‌కు పోయేవాడికి మంచు ఒక షౌఖ్. అక్కడ పుట్టినవాడికి అదే రోజీ. స్లెడ్జి బండి లాగేవాడు, బూట్లు అద్దెకిచ్చేవాడు, నూన్ చాయ్ అమ్మేవాడు, అందరి పొయ్యీ ఆ మంచుతోనే వెలగాలి. 2024 జనవరిలో గుల్‌మర్గ్ మైదానం ఎండిన గడ్డితో కనిపించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. మనకది ఒక వార్త. చాచా ఇంట్లో అది ఆ నెల రాబడి.

ఆ లోయ పిల్లవాడే ఆరిఫ్ ఖాన్. తండ్రికి గుల్‌మర్గ్‌లో స్కీ సామాన్ల దుకాణం. పిల్లవాడు నాలుగేళ్ళకే స్కీల మీద నిలబడ్డాడు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు ఇండియా నుంచి వెళ్ళిన ఆటగాడు అతనొక్కడే. జెండా పట్టుకున్నదీ అతనే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం వచ్చింది. స్లాలమ్‌లో రేసు పూర్తి చేయలేకపోయాడు. మెడల్ రాలేదు కదా అని పెదవి విరిచేవాళ్ళకు ఒక్క మాట. నూటా నలభై కోట్ల మందిలో ఆ కొండవాలు దాకా చేరింది ఒక్కడు. అతన్ని అక్కడిదాకా తోసింది ఒక చిన్న దుకాణదారు హిమ్మత్.

ఇక్కడిదాకా నేను కూడా మా అమ్మాయితో పాటు ఖుషీగా విన్నాను. అసలు సంగతి ఆ తర్వాతి వారం మొదలైంది.

బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. భోన్‌గిర్‌లో ఐదు రోజుల రాక్ క్లైంబింగ్ క్యాంపు. తల్లిదండ్రుల ఇజాజత్ కావాలి, సంతకం పెట్టాలి. నేను ఆ కాగితం పూర్తిగా చదవలేదు. "గుట్టలు ఎక్కడమేంటి? టెన్త్ వస్తోంది, చదువుకో" అన్నాను. మా అమ్మీ నాకు తోడైంది. "ఆడపిల్ల, బయట రాత్రుళ్ళు ఉంటుందా? తోబా!" మా బేగం ఏమీ అనలేదు. అమ్మాయి కూడా ఏమీ అనలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల పల్లె అమ్మాయి. తల్లిదండ్రులది కూలి పని. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అప్పట్లో ఆ సొసైటీ కార్యదర్శి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఆ పిల్లలు మొదట తాడు పట్టుకున్నది ఎక్కడనుకున్నారు? భోన్‌గిర్ కిల్లా గుట్ట మీద. అక్కడి నుంచి దార్జిలింగ్, తర్వాత లడాఖ్ చలి, ఆ తర్వాత ఎవరెస్ట్. తెలంగాణ పుట్టడానికి ఎనిమిది రోజుల ముందు ఆ పిల్ల ప్రపంచం నెత్తి మీద నిలబడింది.

ఆ రోజు ఆ వార్త మీద నేనే ఒక ముక్క రాశాను. "ఆడపిల్లను ఆపేది కొండ కాదు, ఇల్లు" అని. జనం మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఇన్నేళ్ళకు అదే భోన్‌గిర్ కాగితం నా ఇంటికొస్తే, ఆపిన ఇల్లు నాదే అయింది. ఎదుటివాడి బేటీకి హిమ్మత్ చెప్పడానికి ఖర్చేమీ ఉండదు, దోస్తులారా. కలం చాలు.

మన ఇళ్ళల్లో ఇలాంటి కాగితాలకు వచ్చే జవాబులు నాకు తెలుసు. ఎందుకంటే అవన్నీ నేనే చెప్పాను. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది పరదా. మంచు కొండల మీద మనుషులు ఎలా ఉంటారో ఒకసారి ఫొటో చూడండి. నెత్తికి టోపీ, మొహానికి ముసుగు, చేతులకు గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు, కాళ్ళ దాకా జాకెట్టు, ప్యాంటు. ఆ చలిలో మగవాళ్ళు కూడా నఖాబ్‌లోనే ఉంటారు. హునర్ ఉన్నవాళ్ళకు బట్ట ఎప్పుడూ అడ్డం కాలేదు. 2013 మేలో ఒక్కరోజు తేడాతో సౌదీ నుంచి రాహా మొహర్రక్, పాకిస్తాన్‌లోని హుంజా వైపు నుంచి సమీనా బేగ్ ఎవరెస్ట్ ఎక్కారు. తమ తమ దేశాల ఆడవాళ్ళలో ఇద్దరూ మొదటివాళ్ళే. హజ్రత్ ఆయిషా (రజి)తో రసూలుల్లా (స) పరుగు పందెం వేసుకున్న వాకియా మనం జల్సాల్లో ఎంత ప్రేమగా వింటాం! విని ఇంటికొచ్చి, ఆడపిల్ల డాబా మీద గట్టిగా నడిస్తే కసురుతాం.

రెండోది ఖత్రా. ఇది ఉత్త భయం కాదు, నిజం. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ 2006లో 172 రోజుల్లో ఎక్కినవాడు. అంతటివాడూ 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణం వదిలాడు. కొండ ఎవరికీ మొహమాటపడదు. అందుకే అడగవలసినవి అడగండి. నేర్పేవాళ్ళు ఎవరు, వాళ్ళ తాలీం ఏమిటి, తాడు, హెల్మెట్ కొత్తవా పాతవా, ఆడ టీచర్ వెంట వస్తుందా, రాత్రి బస ఎక్కడ, ఆసుపత్రి ఎంత దూరం. జవాబులు సరిగ్గా లేకపోతే వద్దనండి, అది మీ హఖ్. నేను చేసిన తప్పు వద్దనడం కాదు. అడగకుండా వద్దనడం.

ఖత్రా గురించి ఇంకో మాట. మా ఊరి మీదుగా సాగర్ రోడ్డు పోతుంది. పదహారేళ్ళ మగపిల్లలు ముగ్గురేసి ఒక బండి మీద, నెత్తిన హెల్మెట్ లేకుండా ఆ రోడ్డెక్కుతారు. ఆ బండి తాళం ఇచ్చింది మనమే. ఈత రాకుండా చెరువులో, కుంటలో దిగి పోయిన పిల్లల వార్తలు ఎండాకాలం నేనే రాస్తుంటాను. అక్కడ రాని భయం, నడుముకు తాడు కట్టుకుని, కింద ఉస్తాద్ నిలబడి ఉండగా గుట్ట ఎక్కే ఆడపిల్ల దగ్గరే ఎందుకొస్తుంది? మగపిల్లలకు బండి ఇచ్చాం, ఆడపిల్లలకు భయం ఇచ్చాం. ఇద్దరికీ తాలీం ఇవ్వలేదు.

మూడోది పైసలు. స్కీయింగ్ ఖరీదైన షౌఖ్. గుల్‌మర్గ్ పోయి రావడం మధ్య తరగతికే బరువు, ఆటో నడిపేవాడికి చెప్పేదేముంది. కాబట్టి నేను గుల్‌మర్గ్ పొమ్మనడం లేదు. పూర్ణకు తండ్రి ఖర్చు పెట్టలేదు, సర్కారు బడి పెట్టింది. మన ఖౌమ్ పిల్లల కోసం 2016లో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఆ బడుల్లో బిర్యానీ రోజు ఏదని అడిగే మనం, కొండెక్కే క్యాంపు ఎప్పుడని అడిగామా? అడిగేవాళ్ళు లేకపోతే ఇచ్చేవాళ్ళకూ గుర్తుండదు.

నాలుగోది "దీంతో ఫాయిదా ఏంటి?" ఫాయిదా మార్కుల్లో కనపడదు. గుట్ట సగంలో చేతికి పట్టు దొరకనప్పుడు పిల్ల ఏడవవచ్చు, కానీ దారి తనే వెతుక్కోవాలి. పై అడుగు వేసే ముందు కింది అడుగు గట్టిదో కాదో చూసుకోవాలి. కింద తాడు పట్టుకున్న దోస్త్ మీద భరోసా పెట్టాలి. రేపు వేరే ఊళ్ళో ఉద్యోగంలోనో, అత్తగారింట్లోనో కావలసినవి ఇవే కదా.

రెండు రోజుల తర్వాత పొద్దున చాయ్ దగ్గర అమ్మీని మెల్లగా అడిగాను. "అమ్మీ, ఉమ్రాకు పోయినప్పుడు జబల్-ఎ-నూర్ ఎక్కావు కదా, నీకప్పుడు ఎన్నేళ్ళు?" "అరవై రెండు" అంది. మోకాళ్ళ నొప్పితో, వెయ్యికి పైగా మెట్లు, చీకట్లో మొదలుపెట్టి హిరా గుహ దాకా పోయింది. ఆ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పింది. మధ్యలో ఎక్కడ కూర్చుంది, ఎవరు చెయ్యి అందించారు, పైకి పోయాక మక్కా దీపాలు ఎలా కనిపించాయి, అన్నీ. ఈసారి మాత్రం చెబుతూ చెబుతూ ఆగింది. చాయ్ కప్పు పక్కన పెట్టి, "ఆ కాగితం ఏదిరా?" అంది.

కాగితం దొరికింది. సంతకం పెట్టాను. బడికి నేనే తీసుకుపోయాను. గడువు ముందురోజే అయిపోయింది. సీట్లు నిండిపోయాయి. తప్పు బడిది కాదు. అమ్మాయి "పర్వాలేదు అబ్బా" అంది. ఆ మాట అలవాటైన గొంతుతో అంది. నాకు అదే గుచ్చుకుంది. ఎన్నిసార్లు పర్వాలేదని ఉంటే అంత తేలికగా వస్తుంది?

ఇప్పుడు మేం ఆదివారాలు ఫజర్ తర్వాత రాచకొండ గుట్టల వైపు పోతున్నాం. నేను, బేగం, ఇద్దరు పిల్లలు. టిఫిన్‌లో రోటీ, ఆమ్లెట్. పద్మనాయకుల కోట రాళ్ళ మధ్య పిల్లలు నాకన్నా ముందు ఎక్కేస్తారు. నేను ఆయాసపడుతూ వెనక. మూడో వారం పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. ఖర్చు పెట్రోలు, ఒక ఫ్లాస్క్ చాయ్. మన మసీదు కమిటీలు ఇస్తెమాలకు బండ్లు కడతాయి, దావత్‌లకు బండ్లు కడతాయి. మూడు నెలలకోసారి పిల్లలను ఇలా గుట్టకో, ఉస్తాద్ ఉన్న ఈత కొలనుకో తీసుకుపోవడం అంత ముష్కిల్ పనా?

చాచా ఫిబ్రవరిలో ఊరికి పోయేముందు వచ్చాడు. మిగిలిన సరుకు తక్కువకే ఇస్తానన్నాడు. మా అమ్మాయి అతన్ని "మీ అన్న కొడుకు ఆడపిల్లలకు కూడా నేర్పిస్తాడా?" అని అడిగింది. "నేర్పిస్తాడు బేటీ. ఢిల్లీ నుంచి వస్తారు, బంబై నుంచి వస్తారు" అన్నాడు. హైదరాబాద్ పేరు చెప్పలేదు. మా అమ్మాయి నా వైపు చూసింది.

వచ్చే క్యాంపు కాగితం కోసం ఎదురు చూస్తున్నాను. మీ ఇంటికి వస్తే మాత్రం వద్దనే ముందు ఒకసారి పూర్తిగా చదవండి. తర్వాత మీ బేటీని కూర్చోబెట్టి, నీకు పోవాలని ఉందా అని అడగండి. మేం అది కూడా అడగలేదు.

అల్లాహ్ హాఫిజ్.