మడి కట్టుకొన్న వేదిక

ముంబయిలోని మన తెలుగు సంఘములలో ఒకదాని వార్షికోత్సవమునకు కార్యక్రమములు నిర్ణయించు సమావేశమునకు కొంతకాలము క్రిందట మేమును వెళ్లియుంటిమి. కూచిపూడికి నలువది నిమిషములు, లలిత సంగీతమునకు అరగంట; ముఖ్య అతిథి ప్రసంగమునకు ఎంత అని మాత్రము ఎవరును అడుగలేదు. చివరకు కామాటిపుర నుండి వచ్చిన యువకుడొకడు లేచి, తనకును తన మిత్రులకును పది నిమిషములు ఇప్పింపుమని కోరెను. తాను క్లారినెట్ వాయించును, మిత్రులు జంటలుగా స్వింగ్ నృత్యము చేయుదురు. "బిడ్డా, అది మన సంస్కృతి కాదు" అని ఒక పెద్దమనిషి అనెను. "ఆడపిల్లల చేతులు పట్టుకొని గెంతుట మన వేదిక మీదనా?" అని వేరొకరు అనిరి. యువకుడు "మంచిదయ్యా" అని కూర్చుండెను. అతడు ఊరకున్నాడు గాని మేము ఊరకుండజాలము.

ముందు ఆ యువకుడు ఎవరో చెప్పవలెను. కరీంనగరు జిల్లా పల్లె నుండి ఆరేండ్ల ప్రాయమున తండ్రి వేలు పట్టుకొని ఈ నగరమునకు వచ్చినవాడు. ఒక్క గదిలో ఎనమండుగురి నడుమ పెరిగి, పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించు మేనమామ వద్ద ఆ వాద్యము నేర్చెను. అక్కడ సినిమా పాటలే పాఠములు. పాత హిందీ పాటలు వాయించుచుండగా, వాటి నడక వెనుక మరియొక సంగీతము దాగియున్నదని పసిగట్టి, బెన్నీ గుడ్‌మన్, చిక్ వెబ్ మొదలగువారి రికార్డులు వెదకి వినసాగెను. స్వరములు చేతికి చిక్కినవి, ఊపు చిక్కలేదు. తుదకు ఈ నగరముననే స్వింగ్ నేర్పు తరగతి యొకటి కనుగొని, వాద్యము ఇంట విడిచి, నేర్చుకొనుటకు పోయెను. "పాదమెక్కడ పడునో తెలియకయే పదేండ్లు వాయించితిని" అని అతడు మాతో చెప్పినాడు. సంగీతము తెలిసినవారెవరైనను ఈ మాటకు తల ఊపవలసినదే.

ఆ ఊపు ఏమనగా: ఆవర్తమునకు నాలుగు మాత్రలు. ఒక్కొక్క మాత్రను మూడు పాళ్లు చేసి, మొదటి రెండు పాళ్లు ఒక స్వరమునకును, మూడవ పాలు మరియొక స్వరమునకును ఇత్తురు. మన లాక్షణికుల భాషలో ఇది చతురశ్ర తాళమునకు తిశ్ర నడక. తెలంగాణపు డప్పు విని పెరిగిన చెవికి తిశ్రము కొత్తది కాదు. ఇక నృత్యమందురా, జంట విడిపోవుచు చేతి కొసలతో నిలిచి మరల కలియును. విడివడిన క్షణమున ఎవరి అడుగు వారి సొంతము. కోలాటమున కర్రకు కర్ర తగులునంత దూరము జంటను ఎట్లు నిలుపునో, ఇందు చేతి బిగి అట్లు నిలుపును. దీనిని "గెంతుట" అన్న పెద్దలు కోలాటమును ఏమందురో!

అది దొరల నృత్యమని పెద్దల ఆక్షేపణ. ఇది చరిత్ర ఎరుగని మాట. స్వింగ్ నృత్యములలో ప్రధానమైన లిండీ హాప్ దొరల విందుశాలలలో పుట్టలేదు. దక్షిణ అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి పొట్ట చేతపట్టుకొని న్యూయార్కునకు వలసవచ్చిన నల్లజాతి కూలిజనము కిక్కిరిసిన హార్లెములో పుట్టినది. 1926లో తెరచిన సవాయ్ నృత్యశాల దానికి పట్టుగొమ్మ. నలుపు తెలుపు భేదము లేక అందరును కలిసి ఆడిన ఆ శాల 1958లో మూతపడెను. ఆ నృత్యమునకు మారుపేరైన ఫ్రాంకీ మానింగ్ 1914లో ఫ్లోరిడాలో పుట్టి, పసితనముననే తల్లితో హార్లెము చేరినవాడు. స్వింగ్ మోజు తగ్గినపుడు అతడు తపాలా శాఖలో ఉద్యోగము చేసికొనుచు దాదాపు మూడు దశాబ్దములు గడపెను. 1986లో కాలిఫోర్నియా నర్తకులిద్దరు వెదకివచ్చి నేర్పుమని వేడిన పిమ్మట, 2009లో కన్నుమూయువరకు దేశదేశములు తిరిగి నేర్పెను. ఊరు విడిచిన తల్లి, ఇరుకు గది, సాయంకాలము ఒళ్లు మరచు ఆట: ఈ కథ కామాటిపురవారికి ఎవరైనను విప్పి చెప్పవలెనా?

కామాటి యనగా కూలివాడు. హార్న్‌బీ కట్టతో సముద్రపు పోటు ఆగి పల్లపు నేలలు తేలిన పిమ్మట, పద్దెనిమిదవ శతాబ్దము చివరినుండి ఇక్కడ చేరిన మనవారి చెమట ఈ పేటకు ఆ పేరు తెచ్చినది. తరువాత మిల్లులు లేచినవి, పద్మశాలీలు మగ్గము విడిచి సాంచాల వద్దకు వచ్చిరి. 1920వ దశకమున వర్లి, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డులలో బి.డి.డి. చాళ్లు లేచినవి. ఆ చాళ్ల వాకిళ్లలో బతుకమ్మ చుట్టు చప్పట్లు మ్రోగినవి.

ఆ కాలముననే స్వింగ్ కూడ ఈ నగరమునకు వచ్చినది. 1935లో లియాన్ అబీ అను నల్లజాతి విద్వాంసుని బృందము తాజ్‌మహల్ హోటలులో వాయించెను. గోవా సంగీతకారులు ఆ విద్య పట్టిరి. వారిలో చిక్ చాకొలెట్ తన బృందముతో 1951 నాటి 'అల్‌బేలా' చిత్రమున తెరమీదనే కానవచ్చును. ఆ చిత్రమున ఆడిన భగవాన్ ఎవరు? మిల్లు కార్మికుని కుమారుడు, తానును మిల్లున పనిచేసినవాడు. మేడలు గడించి పోగొట్టుకొని 2002లో దాదరు చాళ్‌లోనే కన్నుమూసినవాడు. భుజములు కదలించుచు అతడు వేసిన ఆ తేలిక అడుగులనే మన పిల్లలు గణపతి ఊరేగింపులలో వేయుచున్నారు, మన పెద్దలు చూచి మురియుచున్నారు. వీధిలో ముద్దైనది వేదిక మీద మైలపడునా?

హైదరాబాదులో పెరిగి తెలుగు చెవినబడిన శంకర్, జైకిషన్‌తో కూడి 1955లో 'శ్రీ 420' చిత్రమునకు సంగీతము కూర్చెను. అందు పేదల వాడలో తెలుగు పల్లవి వినిపించును, ధనికుల క్లబ్బులో పాశ్చాత్య నృత్యగీతము వినిపించును. రెండును ఒకే జంట కూర్చినవి. ఆ తెలుగు పల్లవిని మన సభలలో గర్వముతో తలచుకొందుము, రెండవ పాట పరాయిదందుము.

పరాయి వాద్యమని తోసివేసినచో వయొలిన్ ఏ గతి పట్టెడిది? బాలుస్వామి దీక్షితులు దానిని దొరల వద్ద నేర్చి మన సంగీతమునకు ఒదిగించిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి కీర్తియయ్యెను. మన కూచిపూడికే 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్యగోష్ఠిలో శాస్త్రీయ నృత్యమను గౌరవము దక్కలేదు. 1959లో హైదరాబాదున వేరుగ గోష్ఠి జరిపి మనవారు వాదింపవలసివచ్చెను. నాడు ఆ గుమ్మము వెలుపల నిలిచినవారము నేడు గుమ్మము వద్ద కావలి కాయుచున్నాము.

అసలు కారణము వేరు. దానిని సమావేశమున ఎవరును పైకి అనలేదు గనుక మేము అందుము. ఆంగ్ల ప్రభుత్వ కాలమునుండి కామాటిపుర పేరునకు వేశ్యావాటిక యను మచ్చ అంటినది. మన కుటుంబములు అక్కడ కాపురముండి, పిల్లల సంబంధములు మాటలాడునపుడు చిరునామా దాచుకొని బ్రతికినవి. అట్టి పేట పిల్లలు ఆడ మగ కలిసి చేతులు పట్టి ఆడిరన్నచో నలుగురు ఏమందురో యను భయము పెద్దలది. ఆ భయము మాకు తెలియనిది కాదు. మా ఇండ్లలోను ఉండినదే. కాని ఆ పేటలో దేహమమ్ముకొనక తప్పని స్త్రీల దుర్గతికిని ఈ పిల్లల ఆటకును ఏమి సంబంధము? మచ్చ వేసినవాడు ఒకడు, వెరచి ముడుచుకొనవలసినది మన ఆడపిల్లయా? నూరేండ్ల క్రిందట కూచిపూడిలోనే ఆడపిల్ల గజ్జె కట్టరాదనిరి. ఇపుడు గజ్జె కట్టని ఆడపిల్ల మన వార్షికోత్సవములలో అరుదు.

ఒక ఆక్షేపణ మాత్రము బలమైనది. స్వింగ్ ఆడినంతమాత్రమున తెలుగు వచ్చునా? రాదు. ఒప్పుకొంటిమి. ధ్వనిముద్రణకు భామాకలాపము అభినయించు మన బాలికలలో ఎందరు దాని అర్థము చెప్పగలరు? ఆ యువకుడు ఇంట తెలుగు మాటలాడును, సమావేశమున తెలుగుననే అడిగెను. అతని కోరిక తిరస్కరించిన తీర్మానము మినిట్సు పుస్తకమున ఇంగ్లీషున వ్రాయబడినది.

వర్లిలో చాళ్లు కూలుచున్నవి, ఆకాశమంటు భవనములు లేచుచున్నవి. అందు గదులు పెద్దవి, నీటికి వరుస లేదు, మాకును సంతోషమే. కాని పది ఇండ్లకు ఉమ్మడియైన ఆ పొడవాటి వసారా, బతుకమ్మలు పేర్చిన ఆ వాకిలి వాటిలో లేవు. ఇకమీదట పిల్లలు ఆడవలెనన్నచో సంఘపు వేదికయే దిక్కు.

కాబట్టి వచ్చు వార్షికోత్సవమున పది నిమిషములు కాదు, అరగంట అడుగుచున్నాము. భోజనములు వడ్డించు వేళ కాదు, సభ నిండుగ ఉన్న వేళ. ముఖ్య అతిథి ప్రసంగమునుండి తగ్గించినను మాకు అభ్యంతరము లేదు. మరియొక విన్నపము: ఆ అరగంటసేపు వేదిక మీది తివాచీ చుట్టి పక్కన పెట్టింపవలెను. జోళ్ల అడుగులు జారుటకు వట్టి చెక్క కావలెనని ఆ యువకుడు చెప్పినాడు.