దండ వెళ్లేవాళ్లకేనా?



వేరే దేశంలో వైద్య సేవ చేసి తిరిగెళ్లే వలంటీర్ల వీడ్కోలు ఫొటోలు మనం చూస్తుంటాం. దండలు, కౌగిలింతలు, కన్నీళ్లు. ఆ కన్నీళ్లు అబద్ధమని నేను అనను. నెలల తరబడి కలిసి పనిచేశాక ఎవరికైనా బాధేస్తది. కానీ ఆ ఫొటోలో పక్కన నిలబడ్డ అక్కడి నర్సు, డ్రైవరు, మాట విడమరిచి చెప్పేవాళ్లు రేపట్నుంచి ఏం చేస్తారని ఎవరూ అడగరు. నా బాధ అదే.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు చాలా దేశాల డాక్టర్లు, నర్సులు ప్రాణాలకి తెగించి వెళ్లారు. వాళ్లకి దండం పెట్టాల్సిందే. లైబీరియాలో జబ్బు సోకిన ఇద్దరు అమెరికన్లని ప్రత్యేక విమానంలో వాళ్ల దేశం తీసుకెళ్లారు, బతికారు. దానికి కొద్ది రోజుల ముందే, జూలై 29న, సియెర్రా లియోన్‌లో ఎబోలా రోగులకి వైద్యం చేసిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ అదే జబ్బుతో సొంత దేశంలోనే చనిపోయారు. గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లో కలిపి 500 మందికి పైగా ఆరోగ్య సిబ్బంది పోయారు. ఎక్కువమంది అక్కడివాళ్లే. వాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఊరు వాళ్లదే, రోగులూ వాళ్లవాళ్లే.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గుత్తికోయల కోసం ఎంఎస్ఎఫ్ సంస్థ భద్రాచలం వైపు మొబైల్ క్లినిక్‌లు నడిపింది. బయటి డాక్టరు ఎంత మంచివాడైనా, నొప్పి ఎప్పట్నుంచో అడగాలంటే మధ్యలో కోయ మాట తెలిసినవాళ్లు ఉండాల్సిందే. గూడెంలో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ దారిన వాగు దాటాలో చెప్పేదీ వాళ్లే. డాక్టరు మారతాడు, వాళ్లు ఉంటారు.

అందుకే నేననేది ఒకటే. వెళ్లేవాళ్లు దండతో పాటు లెక్క కూడా చూసుకోవాలి. ఇక్కడివాళ్లకి ఏ పని నేర్పాను? నేను లేకపోయినా వాళ్లు చేయగలరా? వాళ్లు చేసిన పనికి పేరు పెట్టి, అనుభవం సర్టిఫికెట్ రాసిచ్చానా? మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. కాగితం లేకపోతే ఎన్నేళ్ల పనైనా లెక్కలోకి రాదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మనలో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివేవాళ్లు రేపు వేరే దేశం వెళ్లొచ్చు. వెళ్లండి, సంతోషమే. కానీ అక్కడ వీడ్కోలు చెప్పే రోజున, వెనక నిలబడ్డ ఆ మాట చెప్పే పిల్లని ముందుకి పిలవండి. మన గూడెంలో ఆ జాగాలో నిలబడేది మన అక్కే కదా.

జై ఆదివాసీ.