తలవాల్చు పసిబిడ్డల పక్షమున ఒక విన్నపము

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్యారోగ్య శాఖామాత్యులకు,

మహాశయులారా,

ఇంగ్లండులో విలియం జేమ్స్ వెస్ట్ అను వైద్యుడు, తన కుమారుని తల నాలుగవ నెలనుండి అప్రయత్నముగా ముందునకు వాలుటయు, క్రమముగా దేహమంతయు వంగి లేచుటయు గాంచి, తానెరిగిన చికిత్సలన్నియు విఫలములు కాగా, తోటివారికెవరికైన ఉపాయము తోచునేమోయని 1841లో ‘లాన్సెట్’ పత్రికకు లేఖ వ్రాసెను. నేడు వెస్ట్ సిండ్రోమ్ అని ఆయన పేరనే వ్యవహరింపబడు ఆ మూర్ఛవ్యాధికి మందులున్నవి. మనకు కొరవడినది సకాలమున దానిని గుర్తించు ఏర్పాటు. ఆ ఏర్పాటును కోరియే ఈ లేఖ.

సుమారు 2000 నుండి 4000 జననములకు ఒకరికి వచ్చు ఈ మూర్ఛ, ప్రాయికముగా మూడవ నెలకును పండ్రెండవ నెలకును నడుమ ఆరంభమగును. నిద్రనుండి మేల్కొనిన బిడ్డ తల వాల్చి, చేతులు చాచి, క్షణకాలము బిగిసి, వదలి, మరల అట్లే వరుసగా పెక్కుమార్లు చేయును. మూర్ఛయనగా గిలగిల కొట్టుకొనుట, నోట నురుగు వచ్చుట యని తలంచు మన కుటుంబములకు ఇది మూర్ఛగా తోపదు. అమ్మమ్మ ఉలికిపాటనును, పొరుగువారు కడుపునొప్పి యందురు, దిష్టి తీసి తాయెత్తు కట్టుదురు, ఒక్కొక్కప్పుడు వైద్యులును గ్యాసునకు చుక్కల మందు వ్రాసి పంపుదురు. వారినెవరిని నిందింపను, చూచుటకిది అంత స్వల్పము. కాని ఆ తలవాల్పు వెనుక మెదడులోని విద్యుత్తరంగములు అల్లకల్లోలమై యుండును. నిన్నటిదాక నవ్విన బిడ్డ నవ్వు మానును. మెడ నిలిపిన బిడ్డ మెడ నిలుపలేకపోవును. తల్లి పిలిచినను కన్నెత్తి చూడదు. చికిత్స ఎంత ఆలస్యమైన మనోవికాసమునకు అంత హాని.

ప్రసవవేళ ప్రాణవాయువు చాలకపోవుట, తొలిదినములలో రక్తమునందు చక్కెర పడిపోవుట మన దేశమున దీనికి ముఖ్యకారణములు. ఏసీటీహెచ్ సూదిమందు, నోట వేయు ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ దీనికి ప్రధానౌషధములు. వీనిలో ప్రెడ్నిసొలోన్ పేదలకు సైతము అందుబాటు వెలకు దొరకునది. అందరు బిడ్డలును సంపూర్ణముగా కోలుకొందురని చెప్పజాలను, కారణమును బట్టి ఫలితము మారును; కాని ఆలస్యమువలని నష్టము మాత్రము మానవ ప్రయత్నముచే నివారింపదగినది.

ఇందులకు నూతన శాఖను స్థాపింపుడని కోరుట లేదు. 2018లో ఆరంభమైన గృహసందర్శన పథకము క్రింద ఆశా కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలల వయస్సున ఇంటికి వచ్చి, తూకము, పాలు, టీకాలను గూర్చి విచారించును. వ్యాధి తలయెత్తు వయస్సును ఆమె గడప త్రొక్కు వయస్సును ఒక్కటియే యగుటచే, ఆ విచారణలో “బిడ్డ నిద్ర లేవగానే వరసగా తల వాలుస్తోందా, ఉలిక్కిపడుతోందా?” అను ప్రశ్న నొకదానిని చేర్పింపుడు. అవునన్న తల్లిచేత ఆ కదలికలను సెల్‌ఫోనులో వీడియో తీయింపుడు. ఆ వీడియోతో జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు (డైక్) వచ్చిన శిశువునకు ఆ వారములోనే మెదడు విద్యుత్తరంగములను చూపు ఇ.ఇ.జి. పరీక్షయు, శిశు నాడీవైద్యుని సలహాయు, ఉచితముగా మందును లభించునట్లు ఉత్తరువు లిండు.

ఆశా కార్యకర్తల రాబోవు శిక్షణ తరగతులలోనే ఈ ప్రశ్నను నేర్పింపుడు. తల్లీబిడ్డల రక్షణ కార్డుపై ఒక పంక్తిగా అచ్చు వేయింపుడు. వ్యయము స్వల్పము, దానివలన దక్కునది ఒక బిడ్డ బుద్ధియు, ఒక కుటుంబము బ్రతుకును.

భవదీయుడు,
శిశుక్షేమాభిలాషి